పైడితల్లి మూసిన కిటికీ

"మాస్టారూ, మంచి ఇల్లు కట్టిచ్చినా అందులో ఉండటం చేతకానివాళ్ళని ఏం చెయ్యాలి?" అని లిఖిత అడిగింది.

ఆ గొంతులో సగం కోపం, సగం ఏడుపు. విశాఖపట్నం శివార్లలో పేదల కోసం లేచిన మూడంతస్తుల ఇళ్ళకి పటం గీసింది ఆమే. ప్రతి ఇంటికీ సముద్రం వైపు గోడలో పెద్ద కిటికీ పెట్టింది, దానికి ఎదురుగా తలుపు పెట్టింది. మధ్యాహ్నం గాలి ఇటు వచ్చి అటు పోతుంటే ఫ్యాను పని తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది. వంట చేసే మనిషికి వెలుతురూ చల్లదనమూ ఉంటాయని పొయ్యి గట్టుని కిటికీ కిందే పోయించింది. లెక్కలో వంక పెట్టటానికేమీ లేదు. తీరా జనం చేరిన మొదటి వేసవికే సగానికి సగం కిటికీలు మూతపడ్డాయి. ఒకరు అట్టముక్క కొట్టారు, ఒకరు ప్లైవుడ్డు బిగించారు, ఇంకొకరు పాత చీర కుక్కారు.

ఇళ్ళు కట్టించే శాఖలో ఇంజనీరు దీనికి తేలికైన మందు కనిపెట్టాడు. జనం ఎలాగూ మూసుకుంటున్నారు కాబట్టి రెండో విడత ఇళ్ళలో ఆ కిటికీలే ఎత్తేద్దామని రాశాడు. మర్నాటికల్లా జవాబివ్వాలి. కిటికీలు పోతే నాలుగు వందల కుటుంబాలు ఆ సిమెంటు గదుల్లో ఏళ్ళతరబడి ఉడికిపోతాయి. లిఖిత జవాబు రాసుకొచ్చింది. కాపురం ఉండేవాళ్ళకి శిక్షణ తరగతులు పెట్టాలనీ, గాలి ఎలా వాడుకోవాలో గోడల మీద రాయించాలనీ అందులో ఉంది.

మృత్యుంజయరావు గారు ఆమెకి కాలేజీలో పాఠం చెప్పిన గురువు, ఈ పనిలో పెద్ద దిక్కు. కాగితం రెండుసార్లు చదివి మడతపెట్టి ఆమె చేతికే ఇచ్చేశారు. శిష్యులు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆ అలవాటు తెలిసిన లిఖిత నిట్టూర్చి, పటాల ఫైలు చంకన పెట్టుకుని వెంట నడిచింది.

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. పై అంతస్తులో పైడితల్లి ఇంట్లో అడుగుపెట్టగానే వేడి ముఖానికి కొట్టింది. పట్టపగలు ట్యూబులైటు వెలుగుతోంది, ఫ్యాను ఆ ఉడుకునే తిప్పుతోంది. కిటికీకి నగల దుకాణం వాళ్ళ పాత ఫ్లెక్సు మేకులతో బిగించి ఉంది. పైడితల్లి సాయంత్రం బండి మీద గుగ్గిళ్ళు అమ్ముతుంది. పొయ్యి మీద శనగలు ఉడుకుతుంటే చెమటతో ముద్దయిపోయి ఉంది. అయినా వచ్చినవాళ్ళకి ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి వేసింది.

లిఖిత కూర్చోలేదు. "ఒక్కసారి ఆ ఫ్లెక్సు తీసి చూడమ్మా, ఎంత గాలి వస్తుందో!"

"గాలొస్తాదనే కదమ్మా మూసీసినాను," అంది పైడితల్లి.

ఇంత అమాయకత్వానికి ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలా అని లిఖిత ఆలోచిస్తుండగానే మాస్టారు అందుకున్నారు. "పైడితల్లీ, నీ శనగలు కాసేపు దించి ఆ ఫ్లెక్సు ఊడదియ్యమ్మా. మా లిఖిత మనకి టీ పెడుతుంది."

ఎనిమిదేళ్ళుగా హాస్టళ్ళలో మెస్సు భోజనం తింటున్న లిఖిత బిత్తరపోయింది. ఫ్లెక్సు ఊడింది. గాలి వచ్చింది, సరిగ్గా లెక్కలో చెప్పినట్టే వచ్చింది. తలుపు పరదా ఎగిరింది, గదిలో ఉడుకు ఇట్టే తగ్గింది. చూశారా అన్నట్టు గురువు వైపు గర్వంగా చూసి ఆమె పొయ్యి వెలిగించింది.

మంట ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే ఒక పక్కకి వాలిపోయి గిన్నెని తప్పించుకుని కాలింది. మంట పెంచితే ఇంకా వాలింది. పావుగంట గడిచినా పాలు గోరువెచ్చన దాటలేదు. పైడితల్లి గోడ గడియారం వంకా, దించిన శనగల వంకా చూస్తోంది. మాస్టారు ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చున్నారు. అడ్డం నిలబడదామంటే కిటికీకీ పొయ్యికీ మధ్య మనిషి పట్టే చోటు లేదు. విసుగెత్తి లిఖిత చంకలోని ఫైలు లాగి కిటికీ వైపు నిలువుగా పట్టుకుంది. మంట నిటారుగా లేచింది. కాసేపటికి పాలు పొంగాయి.

"అదేనమ్మా," అంది పైడితల్లి. ఆ మాటలో వెక్కిరింత లేదు. "రోజంతా నాను అలాగ అట్టుకోనేను కదా, అందుకే మేకులు కొట్టీసినాను. గాలికి ఒగ్గీస్తే గేస్ బండ ఇరవై రోజులకే అయిపోతాది. ఉక్కపోత ఓర్సుకోవచ్చు గానీ బండ అయిపోతే బండి ఎలాగెడతాను?"

లిఖితకి సిగ్గుతో తల వాలిపోయింది. శిక్షణ ఎవరికి కావాలో ఆమెకి ఆ క్షణాన అర్థమైంది. అలా ఫైలు పట్టుకునే గది చుట్టూ చూసింది. ఎడమ గోడ ఖాళీగా ఉంది. గాలి దారికి పక్కగా, కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉంది. గట్టు అక్కడ పోయించినా అదే రాయి, అదే సిమెంటు.

"పైడితల్లి గారూ, ఈ గట్టు ఆ గోడకి మార్పిస్తాను. ఆదివారం మేస్త్రీని తీసుకొస్తాను."

"ఆదివారం నాకు బేరాలు జాస్తి, సోమవారం తెండమ్మా. ఇప్పుడైతే ఆ ఫ్లెక్సు ఇలాగిచ్చీండి, శనగలు ఉడకాల," అని పైడితల్లి సుత్తి తీసుకుంది.

మెట్లు దిగుతూ లిఖిత తను రాసిన జవాబు చింపేసింది. కిటికీలు ఉంచాలి, గట్లు పక్క గోడకి జరపాలి అని ఈ సాయంత్రమే రాసి పంపుతానంది. కింది మెట్టు దగ్గర ఆగిపోయింది. ఆమెకి ఇప్పుడు గురువు మీదే కోపం వచ్చింది.

"మాస్టారూ, ఆ పటం నేను మొట్టమొదట చూపించింది మీకే. బాగుందన్నారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

మృత్యుంజయరావు గారు చెయ్యెత్తి కింది వాటా తలుపు చూపించారు.

"మొన్న కింది వాటాలో ఒకావిడ నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టేదాకా నాకూ తెలియదమ్మా," అన్నారు. "అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. టీ ఎప్పుడూ గ్లాసులోనే చూశాను."