మూడు పళ్లేల నూకయ్య

ముందు ఊఁ కొట్టండి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే నా నోట కథ రాదు. ఏయ్, ఆ మూల గోడకి ఆనుకున్నవాడా, నీక్కూడా చెప్తున్నాను!

సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా అవతలే ఉండే రోజులు. మా అమ్మమ్మకి వాళ్ల అమ్మమ్మ చెప్పిన రోజులు. అప్పుడు గెడ్డపాలెం అని ఒక ఊరు. ఊరంతా వలలు, పడవలు, చేపలు. అందరికీ గడ్డాలు గీసేవాడు మాత్రం ఒక్కడే, నూకయ్య. ఎంత నెమ్మది చెయ్యి అనుకున్నారు! పుట్టువెంట్రుకలు తీస్తుంటే చంటిపిల్లలు నిద్రపోయేవారట.

మంగళవారం ఎవరైనా తలమీద కత్తి పెట్టించుకుంటారా? పెట్టించుకోరు. అంచేత వారానికి ఒక్కరోజు నూకయ్యకి పని లేదు. ఆ ఒక్కరోజూ ఏం చేసేవాడో తెలుసా? ఫోటోలు తీసేవాడు.

నవ్వకండి, నిజమే చెప్తున్నాను. తీర్థానికి వచ్చిన ఫోటోలాయన ఒకడు జ్వరంతో ఆ ఊళ్లోనే పడిపోయాడు. నూకయ్య గంజి పోశాడు, ఒళ్లు తుడిచాడు, లేపి కూర్చోబెట్టాడు. ఆయన వెళ్తూ వెళ్తూ తన మూడుకాళ్ల పెట్టె ఇచ్చి, విద్య నేర్పి మరీ వెళ్లాడు. అప్పట్నుంచి మంగళవారం వస్తే చాలు, నూకయ్య నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని పెట్టె వెనకాల నిలబడేవాడు.

బొమ్మ పెట్టెలోని గాజుపలక మీద పడేది. దాన్ని కాగితం మీదికి దించడానికి ఇంట్లో ఒక గది పెట్టుకున్నాడు. కిటికీకి గోనెసంచులు, దీపానికి ఎర్రగుడ్డ. పట్టపగలే అక్కడ చీకటి. నేలమీద మూడు పళ్లేలు. పలక ఆనించి కాస్త వెలుతురు చూపిన తెల్లకాగితం మొదటి పళ్లెంలో ముంచితే మొహం వచ్చేది. రెండో పళ్లెంలో ముంచితే ఆగేది. మూడో పళ్లెంలో ముంచితే నిలిచేది. వచ్చేది, ఆగేది, నిలిచేది. అంతే మరి!

కానీ ఊళ్లోవాళ్లకి ఒకటే భయం. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందని.

"ఒరే నూకయ్యా, గోడకెక్కిన బొమ్మకి దండ పడకుండా ఉంటాదేట్రా?" అన్నారు పెద్దలు.

నూకయ్య బుర్ర గోక్కున్నాడు. "అయితే మీ బొమ్మ మీ ఇంట్లో పెట్టకండి. పక్కింటికి ఇచ్చేస్తాను. ఆ గోడమీద మిమ్మల్ని యముడు కూడా ఎతకడు!"

ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వినవాళ్లే వరసకట్టి నిలబడ్డారు. గురువులు అని ఒకడుండేవాడు, వాడి బొమ్మ పక్కింటి అప్పలస్వామి ఇంట్లో, అప్పలస్వామి బొమ్మ గురువులు ఇంట్లో. ఇద్దరికీ పడదు, అయినా రోజూ ఒకరి మొహం ఒకరు చూసి లేవాల్సిందే!

ఒక్క పైడమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పాపం, ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయాక నాలుగో కాన్పుకి దక్కిన పిల్ల, ముత్యాలు. మొగుడు లేడు. ఆ పిల్లే ఆమెకి లోకం.

"నూకయ్య బావూ, నీకు దణ్ణం పెడతాను. నా పిల్ల జోలికి మాత్రం రాకు" అంది.

"రాను తల్లీ" అని చేతిలో చెయ్యేశాడు నూకయ్య.

మాట మీదే ఉన్నాడు. కానీ ముత్యాలు ఒకచోట నిలిచే రకమా? గాలిపటం కదూ! ఓ మంగళవారం గురువుల్ని పడవ దగ్గర నిలబెట్టి తీస్తుంటే, ఈ పిల్ల వెనకనించి పడవెక్కి, అతని భుజం మీదనించి మొహం పెట్టి పళ్లికిలించింది. గాజుపలక మీద గురువులు పడ్డాడు, ముత్యాలూ పడింది. నూకయ్యకి పైడమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది. ఆ పలక కాగితం మీదికి దించలేదు, పగలగొట్టడానికీ చేతులు రాలేదు. గుడ్డలో చుట్టి అటకమీద పెట్టేశాడు.

ఆ ఏడే తుఫాను వచ్చింది. సముద్రం ఊళ్లోకి వచ్చి, పోతూపోతూ ముత్యాల్ని పట్టుకుపోయింది. పిల్ల మళ్లీ దొరకలేదు.

పైడమ్మ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లలో నీళ్లు ఇంకిపోయాయి. తర్వాత ఒకరోజు పొద్దున్నే నూకయ్య గుమ్మంలో కూలబడింది.

"బావూ, పిల్ల గొంతు గుర్తుంది. జడ గుర్తుంది. కాలి పట్టీల చప్పుడు గుర్తుంది. మొహం రావట్లేదు బావూ! కన్నతల్లిని, మొహం మరిచిపోయేను. నాలాంటిది ఉంటాదా?"

నూకయ్య అటకకేసి చూశాడు. చెప్తే ఊరు ఊరుకుంటుందా? వీడు బొమ్మ తీయబట్టే పిల్ల చచ్చిపోయిందని కొట్టి చంపరూ? అయినా చెప్పాడు. పైడమ్మ లేచి అతని చొక్కా పట్టుకుంది. గుండెమీద గుద్దింది. గుద్ది గుద్ది, ఆ చొక్కాలోనే మొహం పెట్టుకుని, "సూపించు" అంది.

అటక మీంచి దించి చూస్తే ఏముంది, తుఫాను నీటికి పలక నానిపోయింది. బొమ్మ ఉన్న పొర పుండుమీది పక్కులా లేచిపోతోంది. ఇవాళ కాకపోతే ఇంక లేదు. కాగితాలా, మూడే మిగిలాయి.

ఎర్రదీపం పెట్టాడు. పైడమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదటి కాగితం మొదటి పళ్లెంలో ముంచాడు. తెల్లటి కాగితంలో ముందు జుట్టు వచ్చింది. తర్వాత నుదురు వచ్చింది. తర్వాత... ఓరి నాయనో! నీళ్లలోంచి ముత్యాలు కళ్లు తెరిచి చూసింది.

"నా పిల్ల నీళ్లలో ఉంది!" అని కేకేసింది పైడమ్మ. పళ్లెంలో చెయ్యి పెట్టి కాగితం లాగి, గుండెకి హత్తుకుని, తలుపు తోసుకుని ఎండలోకి పరిగెత్తింది. నిలవని బొమ్మ కదా, ఎండ తగిలి అందరూ చూస్తుండగానే మాడిన రొట్టెలా నల్లబడిపోయింది.

రెండో కాగితం. ఈసారి పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కదలనని ఒట్టేసింది. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి. ఒట్టు ఏ గట్టున పోయిందో! మళ్లీ లాగేసింది. నానిన కాగితం నిలువునా చిరిగింది. ముంచేసిన పిల్లని చూస్తూ ఏ తల్లి ఊరుకుంటుంది, మీరే చెప్పండి.

మిగిలింది ఒక్కటే.

నూకయ్య ఆ కాగితం పళ్లెంలో వేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇంక నాను పట్టుకోను పైడమ్మా. నువ్వే పట్టుకో."

"నానా? నా పిల్లని నా సేతుల్తో నీళ్లలో..."

"పిల్లకి నువ్వు నీళ్లు పోసేదానివి కాదా? ఏడిస్తే తలంటు మజ్జిలో లేపేసేదానివా?"

పైడమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. రెండు చేతులూ కాగితం మీద పెట్టింది. మొహం వచ్చింది. వచ్చి, తల్లి వేళ్ల మధ్యనించి పళ్లికిలించి చూసింది. పైడమ్మ తీయలేదు. రెండో పళ్లెంలో ముంచింది. తీయలేదు. మూడో పళ్లెంలో ముంచింది. అదేమో ఎంతకీ అవదు. బయట ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. గదిలోంచి పైడమ్మ గొంతు ఒక్కటే వినిపిస్తోంది, పిల్లకి తలంటు పోస్తున్నట్టు. "కళ్లు మూసుకో అమ్మా. అయిపోతాది అమ్మా. ఇంకొక్క చెంబు అమ్మా."

తలుపు తెరుచుకుంది. పైడమ్మ ఎండలో నిలబడి కాగితం పైకెత్తింది. ఎండ పడింది. బొమ్మ నల్లబడలేదు. గురువులు భుజం మీదనించి ముత్యాలు అందరినీ చూసి నవ్వుతోంది. మొగాళ్లు తలపాగాలు తీసేశారు. ఆడవాళ్లు చేతులు జోడించారు. గురువులు అయితే తనూ ఆ బొమ్మలో ఉన్నానన్న భయం కూడా మరిచిపోయి భోరున ఏడ్చాడు.

ఆ బొమ్మ పక్కింటికి పోలేదు. పైడమ్మ ఇంట్లోనే ఉంది. దానికి ఆమె ఏనాడూ దండ వెయ్యలేదు.

నూకయ్య ముసలివాడై, అందరిలాగే పోయాడు. ఊళ్లో అందరి బొమ్మలూ ఉన్నాయి, అతనిది లేదు. పెట్టె వెనకాల నిలబడేవాడు అతనొక్కడే కదా! మొహం ఎలా ఉండేదని ఇప్పుడు అడిగితే చెప్పగలవాళ్లు లేరు.

కానీ మీరెప్పుడైనా గెడ్డపాలెం వెళ్తే, చంటిపిల్లకి నీళ్లు పోసే వేళకి వెళ్లండి. తలంటు అంతా అయ్యాక తల్లి మూడు చెంబులు పక్కన పెట్టుకుంటుంది. ఒకటి పోసి "వచ్చావా అమ్మా" అంటుంది. ఇంకోటి పోసి "ఆగు అమ్మా" అంటుంది. మూడోది పోసి "నిలు అమ్మా" అంటుంది. పిల్ల ఎంత గుక్కపట్టి ఏడ్చినా ఆ మూడూ పూర్తి కాకుండా లేపదు. ఆ నీళ్లకి ఆ ఊళ్లో ఒకటే పేరు, నూకయ్య నీళ్లు.