నలభై ఒకటో పని

పరాంకుశం మాస్టారికి ఏ జాబితానైనా కింది నుంచి పైకి చదివే అలవాటు. ముప్పై ఏళ్లు రోడ్ల ఇంజనీరుగా చేసి, ఆ తర్వాత మాలాంటి వాళ్లకు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. "పైనున్న వాటిని చూడ్డానికి లోకమంతా ఉందయ్యా" అనేవారు. పెద్దవాళ్లకు ఏదో ఒక చాదస్తం ఉండకపోతే ఎలా అని మేం నవ్వుకునేవాళ్లం.

ఆయన శిష్యుల్లో చురుకైనది హైమవతి. ఇప్పుడు జిల్లాలో ప్రణాళికా అధికారి. నేను ఆవిడ దగ్గరే సర్వేయరుని. ఆ ఏడాది జిల్లాలోని ఊళ్ల నుంచి రోడ్లూ వంతెనలూ కలిపి నలభై ఒక్క పనులు అడిగారు. వచ్చిన నిధులు తొమ్మిదింటికి సరిపోతాయి. సిఫారసులూ రాయబారాలూ గుమ్మం దాటకుండా ఆవిడ మార్కుల పద్ధతి పెట్టింది. రోజుకు ఎన్ని బళ్లు తిరుగుతాయి, ఎంతమందికి పనికొస్తుంది, మూడేళ్లలో దారి లేక ఎవరి ప్రాణమైనా పోయిందా, ఇలా ఒక్కో గడికి ఇన్ని మార్కులు. ఎక్కువ వచ్చిన పని పైన, తక్కువ వచ్చింది కింద. అందులో ఇసుమంత మోసం లేదు, దానికి నేనే సాక్షిని. అయినా సంతకం దగ్గరికొచ్చేసరికి ఆవిడకు మనసొప్పలేదు. జాబితా పట్టుకుని ఇద్దరం మాస్టారి దగ్గరికి వెళ్లాం.

"మాస్టారూ, ఎవరి మొహం చూసీ బొట్టు పెట్టలేదు. మార్కులు చూసే వరస కట్టాను. న్యాయం చేసినట్టేనా?" అని అడిగింది.

మాస్టారు అలవాటు ప్రకారం ఆఖరి కాగితం తీశారు. నలభై ఒకటో పని: నేరెళ్లవలస, కొండవాగు మీద వంతెన, ఇరవై రెండు మార్కులు.

"ఈ ఊరు చూశావా, అమ్మాయ్?"

హైమవతి చూడలేదు. "నేను చూశానండి, ఆ ఫారం నింపింది నేనే" అన్నాను కాస్త గొప్పగానే. ఆయన నా వైపు తేరిపార చూసి, "అయితే నువ్వూ రా" అన్నారు.

నేను వెళ్లింది మండువేసవిలో. వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. బండి నడిపించుకుంటూ దాటి, పావుగంటలో ఫారం నింపుకుని, వాళ్లిచ్చిన అంబలి తాగి వచ్చేశాను. ఈసారి ముగ్గురం వెళ్లింది శ్రావణమాసంలో. వాగు ఒడ్లు ఒరుసుకుని పోతోంది. జీపు ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది. అక్కడొక పొడవాటి పాక ఉంది. అప్పుడూ ఉండే ఉంటుంది, నేను చూడలేదు. పాక వసారాలో నిండు గర్భిణులు ముగ్గురు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. వాళ్లకు కాపలాగా సుక్కమ్మ అనే ముసలావిడ ఉంది.

"మా ఊరి ఆడకూతుళ్లేనమ్మా" అంది సుక్కమ్మ. "ఏడో నెల నిండితే గెడ్డ దాటించి ఈ ఒడ్డున ఉంచుతాం. నీళ్లు తగ్గి, పురుడు లేచినాక ఎల్తారు. పన్నెండేళ్ల నాడు నా కోడల్ని డోలీ కట్టి దాటిస్తంటే నీళ్ల నడిమినే పోనాది. ఆ మరసటేడే ఈ పాక ఏసినాను."

మాట్లాడుతుండగానే ముగ్గురిలో పొల్లమ్మ అనే ఆమె నడుం పట్టుకుని లేచి నీళ్ల దగ్గరికి నడిచింది. అవతలి ఒడ్డున ఒకతను భుజాల మీద మూడేళ్ల పిల్లనెక్కించుకుని నిలబడ్డాడు. వాగు హోరులో కేకేసినా వినపడదు. పొల్లమ్మ చెయ్యెత్తింది. పిల్ల చెయ్యెత్తింది. కాసేపటికి అతను పిల్లతో వెనక్కి తిరిగాడు.

"నీ కూతురా? రోజూ ఇంతేనా?" అంది హైమవతి.

"నెల్లాళ్లయిందమ్మా. ముందు ఏడిసీది. ఇప్పుడు ఏడవదు" అంది పొల్లమ్మ.

హైమవతి సుక్కమ్మ వైపు తిరిగింది. "మూడేళ్లలో ఎవరి ప్రాణమూ పోలేదని మీ ఊరివాళ్లే రాయించారు కదమ్మా?"

"నిజమేనమ్మా. ఈ పాక ఏసిన కాడినుంచి ఒక్కర్ని పోనివ్వనేదు" అంది ముసలావిడ. ఆ గొంతులో గర్వముంది, ఉండాల్సిందే. ఆ గడిలో సున్నా వేసింది నేను. ఆ సున్నా ఎలా వచ్చిందని నేను అడగలేదు. అడగనిది వాళ్లు చెప్పలేదు.

"మరి మాకు వంతెన ఎందుకు రాదమ్మా?" అని పొల్లమ్మ అడిగింది. హైమవతికి అబద్ధం చేతకాదు. ప్రాణం పోయిన చోటికి మార్కులు ఎక్కువని, వీళ్ల ఊరికి ఆ గడిలో ఏమీ రాలేదని ఉన్నదున్నట్టు చెప్పింది. పొల్లమ్మ ఎత్తిపొడుపేమీ లేకుండా, బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది:

"అయితే మాలో ఒకలం పోతే వంతెన వచ్చీస్తాదా అమ్మా?"

హైమవతి పెదవులు సన్నగా కదలడం చూశాను. చేతులెత్తి అందరికీ దణ్ణం పెట్టి జీపెక్కేసింది.

తారు రోడ్డు ఎక్కగానే ఆవిడ ఉన్నట్టుండి భోరుమంది.

"మాస్టారూ, పొల్లమ్మ అలా అడిగితే నేను లోపల లెక్క వేశాను. ఆ గడికి ఇరవై మార్కులు. అవి కలిపితే నలభై రెండు. తొమ్మిదో పనికి నలభై అయిదు వచ్చాయి."

మాస్టారు ఆ ఆఖరి కాగితం మళ్లీ తీసి చూశారు.

"అంటే, ఒకరు పోయినా మూడు మార్కులు తక్కువేనన్నమాట" అన్నారు. "ఆ మూడూ వాళ్లలో తక్కువయ్యాయో, మనలో తక్కువయ్యాయో చూసుకుని సంతకం పెట్టు తల్లీ."