రత్నం రెండుసార్లు వేసిన ఉప్పు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఒక బడి. ఆ బడి పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది నూకరత్నం. కూరలు తరిగేది, గిన్నెలు తోమేది పైడమ్మ. రత్నం పప్పంటే పిల్లలు కంచాలు నాకేవారు.

అలా ఉండగా రత్నం చేతికి ఓ ఫోనొచ్చింది. అందులో బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి కదా. "ఈ ఒక్కటీ చూసి పడుకుంటాను" అనుకునేది. ఆ ఒక్కటీ అయ్యేసరికి కోడి కూసేది. పగలు నిద్ర ఆపుకోడానికి టీ మీద టీ. ఆ టీలతో రాత్రి మళ్ళీ నిద్ర రాదు.

అప్పుడు ఒకరోజు పప్పులో ఉప్పేసింది. వేసిన సంగతి మరిచిపోయి మళ్ళీ వేసింది.

"రత్నమత్తా, ఇవాళ సముద్రం వండేవా?" అన్నాడో పిల్లాడు.

"ఈ ప్యాకెట్టు ఉప్పే అంత" అంది రత్నం.

మర్నాడు అసలు వెయ్యనే లేదు.

"సముద్రం ఎండిపోయిందా అత్తా?"

"మీ నాలుకలే చచ్చాయి" అని కసిరింది.

ఆ తర్వాత మూడోనాడు పొయ్యి ముందే కునికింది. పైడమ్మ నీళ్ళకెళ్ళి వచ్చేసరికి పప్పు బొగ్గయిపోయింది. పిల్లలు ఉత్తన్నం తిన్నారు. ఎవరూ నవ్వలేదు.

"ఎవరి నిర్వాకం ఇది?" అంది పెద్ద టీచరు.

రత్నం నోటెంట వచ్చేసింది. "పైడమ్మని చూస్తుండమన్నానండీ."

"అయితే పైడమ్మా, రేపట్నించి నువ్వు రావద్దు."

పైడమ్మ రత్నం మొహంలోకి ఒక్కసారి చూసింది. చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి రత్నం ఫోను ముట్టలేదు. అయినా కన్ను మూతపడలేదు. మూస్తే పైడమ్మ చూపే.

తెల్లారి బడి గంట కొట్టగానే పిల్లలందరి ముందూ నిలబడింది. కాలి బొటనవేలు చూసుకుంటూ చెప్పింది. "ఉప్పు తప్పూ నాదే, పప్పు తప్పూ నాదే. రాత్రిళ్ళు ఫోను చూసి పగలు తూగేను. పైడమ్మ మీద అబద్ధమాడేను."

"వెళ్ళి నువ్వే పిలుచుకురా" అంది టీచరు.

అప్పుడు రత్నం పైడమ్మ గుమ్మంలో నిలబడింది. "నిన్ననే నిజం చెప్పలేదేం పైడీ?"

"చెబితే నీ పని పోదా వదినా?"

తిట్టినా బాగుండేదమ్మా. రత్నం కొంగు నోట్లో కుక్కుకుంది.

దారిలో పైడమ్మే చెప్పింది. "పొద్దు వాలాక టీ తాగకు. దీపం పెట్టాక ఫోను బియ్యం డబ్బాలో పడెయ్. రోజూ ఒకే వేళకి నడుం వాల్చు."

మొదటి రాత్రి రత్నం రెండుసార్లు డబ్బా మూత తీసింది. వేళ్ళకంటిన బియ్యం చూసుకుని, సిగ్గేసి మళ్ళీ మూసింది. నాలుగు రోజులు పట్టినా, నిద్ర దానంతటదే వచ్చింది.

ఆ తర్వాత ఏనాడూ పైడమ్మ అరచేతిలో వేసుకుని ఉప్పు చూడందే రత్నం పప్పు దించలేదు.

ఆ రత్నం ఇప్పుడెక్కడుందంటావా? నీ పక్కనే పడుకుంది. లైటు తీసెయ్ తల్లీ, అమ్మమ్మ మొహం అలా చూడకు.

ఉప్పు పప్పుకి, తప్పు ఒప్పుకి,
నిద్దర రెప్పకి,
కథ కంచికి, మనం దుప్పటికి!