సాక్షిపీఠానికి మూడు గలీబులు

అనగనగా ఒక రాజ్యం. పేరు మధూకపురం. రాజ్యమన్నాక కోట ఉండాలి, కోట ఉంది. కోటలో కొలువు ఉండాలి, కొలువుంది. ఆ కొలువు నడుమ ఒక పాత ఆసనం ఉంది. పిల్లలూ, ఈ కథ ఆ ఆసనానిది. దానికి గలీబులు కుట్టించిన రాణిది.

ఆ ఆసనం ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత వెడల్పు. వీపు ఆనించుకోవడానికి ఎత్తైన చెక్క, చేతులు ఆనించుకోవడానికి రెండు పక్కలా చెక్కలు, కూర్చునేచోట బూరుగు దూది కూరిన మెత్త. దాని పేరు సాక్షిపీఠం. కొలువులో ఎవరు ఏ మాట చెప్పాలన్నా దాని మీద కూర్చునే చెప్పాలి. చేతులు కట్టుకొని నేల మీద నిలబడి కాదు. 'ఈ పీఠం మీద అందరూ సమానమే' అని వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో చెక్కి ఉండేది.

ఇంకో ఆచారం కూడా ఉండేది. కూర్చున్న మనిషి మాట్లాడుతుండగా పీఠం కిర్రుమంటే ఆ మనిషి అబద్ధికుడు. అబద్ధికుణ్ణి ఏరు దాటించి వదిలేసేవాళ్ళు. మళ్ళీ ఈ ఒడ్డున కాలు పెట్టకూడదు.

పీఠం కొత్తగా ఉన్న రోజుల్లో ఈ ఆచారంలో కొంత అర్థం ఉండేది. అబద్ధం చెప్పేవాడు కుదురుగా కూర్చోలేడు. అటు జరుగుతాడు, ఇటు మెదులుతాడు. చెక్క చప్పుడు చేస్తుంది. చెక్క గట్టిది కాబట్టి ఆ చప్పుడు మనిషిదే. కానీ తరాలు గడిచేకొద్దీ జనం మనిషిని చూడటం మానేశారు. పీఠాన్నే వినసాగారు.

ఆ రాజ్యానికి కువలయ అనే యువతి రాణి అయింది. తండ్రి చనిపోయిన దుఃఖం ఇంకా ఆరలేదు. మొదటి కొలువు రోజున అందరికన్నా ముందు వచ్చి, సాక్షిపీఠం మీద నాన్న చెయ్యి ఆనించి మాట్లాడే చోట తానూ చెయ్యి ఆనించింది. వేలు లోపలికి దిగిపోయింది. పిండిలాంటి పొడి జలజలా రాలింది.

చెదలు!

కువలయ చెయ్యి వెనక్కి తీసుకుంది. వెంటనే మంత్రిని పిలిపించింది. ఆయన పేరు నయనిధి. ఆమె తండ్రి దగ్గర కూడా మంత్రిగా చేసినవాడు.

"మంత్రిగారూ, పీఠం పుచ్చిపోయింది. ఇవాళ్టి నుంచి దీన్ని వాడొద్దు. కొత్త చెక్కతో బాగుచేయిద్దాం."

నయనిధి ఆ పొడిని చెప్పుతో పక్కకు నెట్టాడు. "మహారాణీ, మెల్లగా అనండి. పీఠం పుచ్చిందని చాటితే జనం ఊరుకుంటారా? ఎప్పటి నుంచి పుచ్చింది అని అడుగుతారు. అది పలికించిన తీర్పుల మాటేమిటి అని అడుగుతారు. మీ నాన్నగారి తీర్పులన్నీ తవ్వి పోస్తారు. ఆయన పోయి ఎంతో కాలం కాలేదు. ఆయన పేరుకు మీ చేతులతోనే మట్టి పూస్తారా?"

కువలయ నేల మీది పొడి వంక చూసింది.

"చక్కటి గలీబు ఒకటి కుట్టిద్దాం. పాత పీఠం కొత్తదైపోతుంది. మీ చేతికీ నా చెప్పుకీ తప్ప ఈ పొడి సంగతి ఎవరికీ తెలియదు" అన్నాడు నయనిధి.

పసుపుపచ్చ నూలుగుడ్డ మీద మామిడి పిందెల అచ్చులు వేసి గలీబు కుట్టారు. పీఠానికి తొడిగారు. జనం వచ్చి చూశారు.

"అబ్బ! పీఠం పెళ్ళికూతురిలా ఉంది!" అన్నారు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ కావాలి. గలీబు ఎత్తి చూడటానికి ఒక్క చెయ్యి చాలు. ఆ ఒక్క చెయ్యి ఎవరూ చాచలేదు.

ఆ రోజే బయ్యన్న అనే గొల్లవాడు కొలువుకు వచ్చాడు. అతని మందను ఊరిపెద్ద తన దొడ్లోకి తోలుకుపోయాడు.

ముందు ఊరిపెద్ద కూర్చున్నాడు. కూర్చోవడమంటే, సగం కూర్చుని సగం లేచినట్టు అంచు మీద ఆనాడు. బరువంతా కాళ్ళ మీదే ఉంచుకున్నాడు. "ఆ గొర్రెలు నావే" అన్నాడు. పీఠం పలకలేదు.

తరవాత బయ్యన్న కూర్చున్నాడు. దాచుకోవడానికేమీ లేని మనిషి కదా, హాయిగా వెనక్కి వాలి కూర్చున్నాడు. "తల్లీ, వాటి పేర్లు చెప్పమంటావా? పేరు పెట్టి పిలిస్తే ఒక్కొక్కటీ నా దగ్గరికే వస్తాయి..."

పీఠం కిర్రుమంది.

"దొరికాడు దొంగ!" అని ఎవరో అరిచారు. "గొర్రెల పేర్లు తరవాత, ముందు నీ పేరు చెప్పుకో, ఏరు దాటేవాడి పేరు!" అని ఇంకెవరో నవ్వారు.

బయ్యన్న నవ్వలేదు. తన కింద ఉన్న పీఠాన్ని తడిమి చూసుకున్నాడు. తరవాత రాణి వంక చూశాడు. కువలయ కళ్ళు దించుకుంది. నాన్న పేరు, నాన్న పేరు అని లోపల అనుకుంటూ కూర్చుంది. సాయంత్రానికి బయ్యన్నను ఏరు దాటించారు.

కొన్నాళ్ళకు పసుపు గలీబు మీద గోధుమరంగు మరకలు లేచాయి. పీఠం ఒక పక్కకు ఒరిగింది.

"ఈసారి మందపాటిది వేయిద్దాం" అన్నాడు నయనిధి. ఎర్ర మఖమలు తెప్పించారు. ఒరిగిన పక్క కింద గుడ్డలు కూరారు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఈసారి గానుగ ఆడించుకుని బతికే తిప్పవ్వ వచ్చింది. ఆమె ఎద్దును ఒక వర్తకుడు విప్పుకుపోయాడు. వర్తకుడు అంచు మీద ఆని, ఆ ఎద్దు తనదేనన్నాడు. పీఠం పలకలేదు. తిప్పవ్వ కాళ్ళు పైకి ముడుచుకుని, అరుగు మీద కూర్చున్నట్టు పూర్తిగా కూర్చుంది. నోరు తెరిచిందో లేదో, పీఠం కిర్రుమంది.

"ఇంకా నేనేం అననే లేదు కదయ్యా!" అంది తిప్పవ్వ. "చెప్పని మాట అబద్ధమెలా అయిందీ?"

కొలువంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో ఆమె ప్రశ్న మునిగిపోయింది. కువలయకు మాత్రం మునగలేదు. అన్నం కలుపుకుంటే అన్నంలో ఆ ప్రశ్న. అద్దం చూసుకుంటే అద్దంలో ఆ ప్రశ్న. అయినా రాణి నోరు మెదపలేదు. పిల్లలూ, అన్యాయం జరిగేచోట అధికారం ఉన్నవాళ్ళు ఊరుకుంటే, ఆ ఊరుకోవడం కూడా ఒక తీర్పే. తిప్పవ్వ కూడా ఏరు దాటింది.

మూడో గలీబు పట్టుది. అంచు నిండా జరీ. నలుగురు పట్టుకుంటే గానీ లేవనంత బరువు. లోపలి చెక్క కన్నా పైన గుడ్డే గట్టిగా ఉంది. "ఇక మనకు బెంగ లేదు" అన్నాడు నయనిధి.

అప్పుడు సూరవ్వ వచ్చింది.

సూరవ్వ రాణికి దాది. తల్లి లేని కువలయను ఒళ్ళో వేసుకుని పెంచింది. కరువు రోజుల కోసం దాచిన ధాన్యాన్ని మంత్రి బావమరిది బళ్ళకెత్తించి తన ఇంటికి తోలుకుపోవడం ఆమె కళ్ళారా చూసింది. రేపు కొలువులో పీఠమెక్కి చెబుతానంది.

ఆ మాట విని కువలయ పరుగున దాది ఇంటికి వెళ్ళింది. సూరవ్వ గుమ్మంలో కూర్చుని చింతకాయలు గిల్లుతోంది.

"దాదీ, రేపు పీఠం ఎక్కొద్దు."

"ఏమ్మా? నేను అబద్ధం చెబుతానని భయమా?"

"ఛ, కాదు."

"మరి? పీఠం అబద్ధం చెబుతుందని భయమా?"

కువలయ ముఖం పక్కకు తిప్పుకుంది. సూరవ్వ చేతిలో చింతకాయ ఆగిపోయింది.

"అంటే నీకు తెలుసన్నమాట" అంది. "బయ్యన్నను పంపినప్పుడూ తెలుసు. తిప్పవ్వను పంపినప్పుడూ తెలుసు."

"నాన్న పేరు పోతుందని..."

"మీ నాన్న పేరు నాకూ ఇష్టమేనమ్మా. కానీ వచ్చే కరువులో పిల్లలకు ఆయన పేరు వండి పెడతావా?" సూరవ్వ లేచి నిలబడింది. "నేను ఎక్కుతాను. ఏరు దాటిస్తే దాటతాను. ఈ వయసులో నన్ను అటు తోలేస్తే తోలెయ్యి. కానీ నువ్వు చూస్తూ ఉండాలి. తల దించుకోకూడదు. నేను పెంచిన పిల్లవి, ఆ మాత్రం చెయ్యి."

మర్నాడు కొలువు కిటకిటలాడింది. మంత్రి బావమరిది అంచు మీద ఆని, ధాన్యం సంగతే తనకు తెలియదన్నాడు. పీఠం పలకలేదు. సూరవ్వ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. జరీ అంచు మీద చెయ్యి వేసింది.

కువలయ తల దించుకోలేదు. ఆ ముసలి చేతిని చూసింది. తనకు నడక నేర్పిన చెయ్యి. ఇంకొక్క క్షణం ఆగితే ఆ చెయ్యి కూడా ఏటి అవతలికి పోతుంది.

"ఆగు దాదీ! ముందు నేను కూర్చుంటాను."

రాణి తన గద్దె దిగింది. సాక్షిపీఠం దగ్గరకు నడిచింది. అంచు మీద కాదు, నడిమధ్యన కూర్చుంది. పూర్తిగా వెనక్కి వాలింది.

"నా సాక్ష్యం వినండి. ఈ పీఠం పుచ్చిపోయింది. గలీబు కింద ఉన్నవి చెదలు. నేను రాణినైన రోజే నాకు తెలుసు. తెలిసే గలీబు వేయించాను. మళ్ళీ వేయించాను. మళ్ళీ వేయించాను. బయ్యన్న, తిప్పవ్వ..."

పీఠం కిర్రుమంది. తరవాత ఫెళ్ళుమంది. వెనక చెక్క విరిగింది, కాళ్ళు మడతపడ్డాయి. పట్టు, జరీ, రాణి, అన్నీ కలిసి నేల మీద పడ్డాయి.

ఎవరూ నవ్వలేదు.

నయనిధి గొంతు సవరించుకున్నాడు. "ఆచారం ప్రకారం... పీఠం పలికింది కాబట్టి... మహారాణి చెప్పింది..."

"చెప్పండి మంత్రిగారూ" అంది కువలయ, నేల మీద నుంచే. "నేను అబద్ధం చెప్పాననండి. అప్పుడు ఈ పీఠంలో చెదలు లేవు, ఇది గట్టిది. గట్టి పీఠం ఒక ఆడదాని బరువుకు ఎందుకు విరిగింది? లేదా, నేను నిజం చెప్పాననండి. అప్పుడు ఇది నిజం చెప్పిన మనిషి కింద పలికింది. రెండింట్లో ఏది అంటారు?"

నయనిధి ఒక అడుగు వెనక్కి వేశాడు.

సూరవ్వ వంగి గలీబు అంచు పట్టుకుంది. రాణి రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ లాగారు. పట్టు కింద మఖమలు, మఖమలు కింద పసుపుగుడ్డ, దాని కింద తెల్లటి చెదల పుట్ట. మామిడి పిందెల అచ్చులను కూడా అవి కొరికేశాయి.

జనంలో నుంచి ఒక గొంతు లేచింది. "మరి మీ నాన్నగారి తీర్పుల మాటేమిటి?"

కువలయ భయపడిన ప్రశ్న అదే. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ప్రశ్న రాకూడదనే ఆమె ఇద్దరు మనుషులను ఏటి అవతలికి పంపింది. ఆమె లేచి నిలబడింది. ఒంటి మీది పొడి దులుపుకోలేదు.

"మళ్ళీ వింటాం. తప్పైతే తప్పని చెబుతాం. ఆయన ఉంటే ఆయనే చెప్పేవారని నేను నమ్ముతున్నాను. చెప్పేవారు కాదనుకున్నా, నేను చెబుతాను."

తరవాత సూరవ్వ నేల మీద నిలబడే సాక్ష్యం చెప్పింది. కొలువు పీఠాన్ని వినలేదు, ఆమెను విన్నది. ఏ దారిన పోయాయి బళ్ళు, ఎవరు తోలారు అని అడిగింది. మనుషులు వెళ్ళి బావమరిది ఇల్లు వెతికారు. ధాన్యం దొరికింది. నయనిధి రాజముద్రిక తీసి రాణి పాదాల దగ్గర పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాడు.

మర్నాడు కువలయ తానే పడవెక్కి ఏరు దాటింది. తిప్పవ్వ ఆమెను చూసి, "చెప్పని మాట అబద్ధమెలా అయిందో తెలుసుకున్నావా తల్లీ?" అని అడిగి, వెనక్కి వచ్చింది. వర్తకుడి దగ్గర నుంచి తిరిగొచ్చిన ఎద్దును మళ్ళీ గానుగకు కట్టుకుంది.

బయ్యన్న పాక ముందు గొర్రెల్లేని ఖాళీ దొడ్డి ఉంది.

"ఊరిపెద్ద దొడ్లోంచి మందను విడిపించాం బయ్యన్నా. నీదే. రా" అంది రాణి.

"నన్ను పంపిన రోజు నీకు తెలుసా తల్లీ?"

"తెలుసు."

బయ్యన్న ఏటి వైపు చూశాడు. "గొర్రెలను ఇటు తోలించు. నేను రాను" అన్నాడు.

రాణి బతిమాలలేదు. ఆయనకు రానని చెప్పే హక్కుందని తెలుసుకుంది. మందను ఆ ఒడ్డుకు తోలించింది. ఒక్కతే వెనక్కి వచ్చింది.

కొత్త చెక్కతో పీఠం చేశారు. పుచ్చినదంతా కాల్చేసి, గట్టిగా ఉన్న పాత ముక్కలను మాత్రం అందులో కలిపారు. కిర్రుమన్నా కిర్రుమనకపోయినా, మనిషి మాటనే వినాలని కట్టడి చేశారు. సూరవ్వ అప్పట్లో కుట్టగా మిగిలిన పసుపుగుడ్డతో గలీబు కుట్టబోతే, రాణి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు దాదీ. గలీబు చూస్తేనే నాకు భయం."

"గుడ్డ మీద కోపమెందుకమ్మా? అది దుమ్ము పడకుండా కాస్తుంది. దాని చేత దొంగపని చేయించింది మనం" అంది సూరవ్వ. ఈ గలీబును నాలుగు వైపులా కుట్టెయ్యలేదు. ముళ్ళు వేసి కట్టింది. ఎవరైనా విప్పి చూడొచ్చు.

అప్పటి నుంచి ఏటేటా తొలివాన పడగానే మధూకపురంలో ఆ ముళ్ళు విప్పుతారు. పిల్లలు వచ్చి చెక్క మీద వేళ్ళతో నొక్కి చూస్తారు. వేలు దిగితే గట్టిగా అరవాలి. అలా అరిచిన పిల్లను ఎవరూ కోప్పడకూడదు.

లోపల బాగుచేసి పైన కప్పితే అది అందం. లోపలి కుళ్ళును దాచడానికి కప్పితే, ఆ గుడ్డ ఎంత ఖరీదైనదైనా అది అన్యాయమే.