ఉడుమా? కొండముచ్చా?

నల్లమడుగుకు రెండు గట్లు. వానాకాలమంతా తూర్పు గట్టు జంతువులకూ పడమటి గట్టు జంతువులకూ ఏ పేచీ ఉండదు. ఒకరి పొదల్లో ఒకరు పడుకుంటారు, ఒకరి చెట్ల కాయలు ఒకరు తింటారు. మోదుగలు పూసి, వాగు ఎండి, మడుగొక్కటే మిగిలేసరికి మాత్రం మొహాలు మారిపోతాయి. ఆ నీళ్ళు రెండు గట్లకూ చాలవు మరి. కొట్టుకు చావకుండా పూర్వం పెద్దలెవరో ఒక కట్టుబాటు పెట్టిపోయారు. ఏటా చెడుగుడు ఆడాలి. గెలిచిన గట్టు వానలు పడేదాకా మడుగులో తాగుతుంది. ఓడిన గట్టు రేచుకొండ అవతలి ఊటకు నడిచిపోవాలి. ఆ దారిలో రేచుకుక్కలుంటాయి.

తూర్పు గట్టు వరసగా రెండేళ్ళు ఓడింది. నిరుడు ఆ కొండదారిలోనే దుప్పి తన బిడ్డను పోగొట్టుకుంది. ఈ ఏడు దానికి మళ్ళీ ఒక పిల్ల పుట్టింది. ఇంకా నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు పోతున్నాయి. అందుకే అందరికీ అది ఆట, దుప్పికి మాత్రం కాదు.

జట్టుకు ఐదుగురు. తూర్పు జట్టుకు నాయకుడు ఎలుగుబంటి. కూతకు వెళ్ళడానికి కుందేలు, ముంగిస, అడవిపిల్లి ఉన్నాయి. కూతకొచ్చిన వాణ్ణి పట్టి ఆపేది ముళ్ళపంది. అది వాటేసుకుంటే విడిపించుకుందామన్న ఆలోచన పడమటి గట్టు అడవిపందికి తప్ప ఎవరికీ వచ్చేది కాదు. ఆ ముళ్ళపంది కాస్తా చలికాలంలో పక్క అడవికి ఇల్లరికం పోయింది. పడమటి జట్టులోనూ ఒక చోటు ఖాళీ అయింది.

ఖాళీ నింపడానికీ ఒక పద్ధతుంది. ఆ ఏడు అడవికి కొత్తగా వచ్చినవాళ్ళు బండ ఎక్కి నిలబడతారు. నిరుడు ఓడిన జట్టుది మొదటి కోరిక. నాయకుడు ఒక మోదుగ పువ్వు తెచ్చి తనకు కావలసినవాడి ముందు పెడతాడు. పెట్టిన పువ్వు మళ్ళీ తీయకూడదు. ఈసారి కొత్తవాళ్ళు ఇద్దరే, కొండముచ్చూ ఉడుమూ. ఒకరిని తూర్పు గట్టు కోరుకుంటే రెండోవాడు పడమటి గట్టుకు పోతాడు.

ఎంపికకు ఇంకా మూడు రోజులుండగానే తూర్పు గట్టు మీద మద్దిచెట్టు కింద రచ్చ మొదలైంది. ఏ ఊళ్ళో అయినా ఆడేవాళ్ళ కంటే చూసేవాళ్ళకే ఆట ఎక్కువ తెలుసు. అడవిలోనూ అంతే.

"కొండముచ్చే! ఇంకో మాట లేదు!" అంది కాకి. అది జన్మలో ఒక్కసారి కూడా కూతకు వెళ్ళలేదు. "వాడి దూకుడు చూశారా? ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకు, అక్కణ్ణించి బండ మీదికి! చూస్తుంటే నా రెక్కలకే సిగ్గేసింది."

"కూతకు మనకు ముగ్గురున్నారు కదే," అంది దుప్పి. "కుందేలుంది, ముంగిసుంది, పిల్లి ఉంది. నిరుడు పాయింట్లు తేలేక ఓడామా మనం? వాళ్ళ అడవిపంది కూతకొస్తే ఆపే దిక్కు లేక ఓడాం. అప్పుడు ముళ్ళపంది కూడా ఉంది. ఇప్పుడు అదీ లేదు."

"అయితే ఏం చేద్దామంటావు వదినా? ఆ ఉడుమును తెచ్చుకుందామా? ఉదయం ఎక్కడ పడుకుంటే సాయంత్రం అక్కడే ఉంటుంది. దాని పేరు చెప్పి ఎవరైనా ఈల వేస్తారా?"

"ఈలలు తాగి బతుకుతావా వేసవంతా?" అని దుప్పి కసిరింది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది నీ వరస. మనకు కావలసింది పట్టు. గోడకు అంటుకున్న ఉడుమును ఎవరైనా ఊడదీయగలరా? ఆ పట్టు అడవిపంది కాలి మీద పడితే చాలు."

తాబేలు తాత మెడ బయటికి పెట్టి, "దుప్పి చెప్పేది నిజమేనర్రా," అంది. అది ఇంకో మాట అనేలోపు కాకులన్నీ కొండముచ్చు కొండముచ్చు అని కేకలు పెట్టాయి. తాత మెడ లోపలికి పోయింది.

ఎలుగుబంటి చెట్టుకు వీపు ఆనించి అంతా వింటోంది. కాకి ఎంత అరిచినా దాని చెవి కూడా కదల్లేదు. దుప్పి మాట్లాడినప్పుడు మాత్రం మెల్లగా తల ఊపింది.

ఆ తల ఊపడాన్ని చూసినవాళ్ళు ఇంకొకరున్నారు. పడమటి గట్టు నక్క ఎదురు పొదలో పడుకుని ఉంది. తమ నాయకుడు తోడేలుతో అది ముందే చెప్పింది, "మనకు కావలసింది ఉడుము. ఆ కుందేలు కాలు పట్టుకునేవాడు మనలోనూ లేడు. మొదటి కోరిక వాళ్ళది కాబట్టి, వాళ్ళ నోటితోనే ఉడుమును వద్దనిపించాలి," అని. కాకితో పని లేదని ఇప్పుడు తేలిపోయింది. ఎవరి మాటకు ఎలుగు కదులుతుందో వాళ్ళ దగ్గరికే పోవాలి.

ఎంపికకు ముందురోజు మధ్యాహ్నం దుప్పి పిల్లను వెంటబెట్టుకుని పచ్చిక కోసం వెతుకుతోంది. నక్క దూరంగానే ఆగి, తోక దించుకుని పలకరించింది.

"బాగున్నావా అక్కా?"

దుప్పి పిల్లను తన వెనక్కి నెట్టుకుంది. "ఏంది ఇటొచ్చావు?"

"భయపడకు. ఒట్టేసుకుని వచ్చాను, ఆట అయ్యేదాకా మాంసం ముట్టను. నిరుడు నీకు జరిగింది విన్నాను. గుండె తరుక్కుపోయింది. నాకూ పిల్లలున్నారు."

నక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఉడుమును అడుగుదామనుకుంటున్నారట మీవాళ్ళు. మంచిదే. తోడేలు అందుకే సంబరపడుతోంది."

"సంబరం దేనికి?"

"కొండముచ్చు మాకొస్తుందని! ఎండిన వాగులో ఇసుక మీద రోజూ దూకిస్తోంది దాన్ని. మీ ఎలుగంత మొద్దును నిలబెట్టి, దాని తల మీంచి దూకమంటోంది. నిన్న పన్నెండుసార్లు దూకింది, ఒక్కసారి కూడా తగల్లేదు."

"మా ఉడుము పట్టుకుంటుంది," అంది దుప్పి. గొంతులో మునుపటి బింకం లేదు.

"ఎలా అక్కా? ఉడుముండేది నేల మీద. వాడుండేది గాల్లో. గాల్లో ఉన్నవాణ్ణి ఏ ఉడుము పడుతుంది?" నక్క పిల్లవైపు జాలిగా చూసింది. "నేను చెప్పానని చెప్పకు. మా తోడేలుకు తెలిస్తే నా తోలు ఒలుస్తుంది. ఎందుకో ఈ పసిదాన్ని చూసి మనసాగక వచ్చాను."

అది వెళ్ళిపోయింది. దుప్పికి మేత సహించలేదు. కళ్ళు తెరిచినా మూసినా ఎలుగు తల మీంచి దూకుతున్న కొండముచ్చే కనబడింది. మనకు ఏం తక్కువన్న లెక్క దాని బుర్రలోంచి జారిపోయింది. అవతలివాడికి ఏం దక్కుతుందో అన్న దిగులొక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దెక్కేసరికి రెండు గట్లూ బండ చుట్టూ చేరాయి. కొండముచ్చు బండ మీద పిల్లిమొగ్గలు వేస్తోంది. ఉడుము ఒక పక్క కళ్ళు మూసుకుని ఎండ కాగుతోంది. ఎలుగుబంటి మోదుగ పువ్వు పట్టుకుని బండ ఎక్కింది.

"కొండముచ్చు! కొండముచ్చు!" తూర్పు గట్టు చెట్లన్నీ అదిరిపోతున్నాయి. "ఉడుముకిచ్చావో, నీ తేనెతుట్టెలన్నీ రాల్చేస్తాం మామా!" అని కాకి బెదిరించింది కూడా.

ఎలుగు వినిపించుకోలేదు. తిన్నగా ఉడుము దగ్గరికి నడిచింది. వంగింది. పువ్వుకూ బండకూ మధ్య జానెడు దూరం ఉంది.

"ఆగు మామా!"

అరిచింది కాకి అయితే ఎలుగు ఆగేది కాదు. ఆ గొంతు దుప్పిది. చెట్ల మీద గోల ఒక్కసారి అణగిపోయింది.

"ఏమే?" అంది ఎలుగు.

"కొండముచ్చుకే పెట్టు."

"నువ్వేనా ఈ మాట అనేది? మూడు రోజులుగా పట్టు కావాలి, పట్టు కావాలి అని చెప్పింది నువ్వు కాదూ?"

"చెప్పాను. కానీ వాడు వాళ్ళ చేతికి పోతే మనం చచ్చామే, మామా! ఎవరూ ఆపలేరు వాణ్ణి. ఇంకోసారి ఆ కొండదారి నడవడం నావల్ల కాదు. వాడు వాళ్ళకు దక్కకుండా చెయ్యి, అంతే చాలు."

ఎలుగు వంగినచోటి నుంచే తల తిప్పి దుప్పిని చూసింది. ఉడుము ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. చివరికి ఎలుగు నడుం ఎత్తి, రెండడుగులు పక్కకు వేసి, పువ్వును కొండముచ్చు ముందు పెట్టింది.

తూర్పు గట్టు కేకలతో మోగిపోయింది. ఆ కేకలు ఆగకముందే తోడేలు పువ్వు ఉడుము ముందు ఉంది. దుప్పి నక్కవైపు చూసింది. కొండముచ్చు చేజారిపోయినందుకు అది ఏడవాలి కదా. ఏడవడం కాదు కదా, ఒక్క నిట్టూర్పు కూడా విడవలేదు. మోసపోయానని దుప్పికి అప్పుడు తట్టింది. కానీ పెట్టిన పువ్వు తీయకూడదు.

ఆట వారం తర్వాత, మడుగు పక్క ఇసుకలో. పొద్దు కొండ దిగేసరికి ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళది గెలుపు.

మొదట్లో తూర్పు గట్టుకు పండగే. కొండముచ్చు కూతకెళ్ళి తోడేలును ముట్టుకుని గెంతి వచ్చింది. మళ్ళీ వెళ్ళి మరొకర్ని ముట్టుకుంది. "చెప్పలేదూ? నేను చెప్పలేదూ?" అని కాకి కొమ్మ కొమ్మకూ ఎగిరింది.

తర్వాత అడవిపంది కూతకొచ్చింది. ఆ రావడం చూసి కుందేలు ఒక పక్కకూ ముంగిస ఇంకో పక్కకూ తప్పుకున్నాయి. అడవిపిల్లి కాలికి వేలాడితే గీతదాకా ఈడ్చుకుపోయింది. కొండముచ్చుకు దూకడమే తెలుసు, పట్టడం తెలియదు. ఎలుగొక్కటే అడ్డం పడింది, ఒక్కటే ఎంతసేపని ఆపుతుంది! అడవిపంది వచ్చిన ప్రతిసారీ పాయింటు పట్టుకునే పోయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఏమిటో తూర్పు గట్టుకు ఆ సాయంత్రం తెలిసొచ్చింది.

పొద్దు కొండ అంచుకు వచ్చేసరికి పడమటి గట్టుకు ఒక్క పాయింటు ఎక్కువ. తూర్పు గట్టుకు ఆఖరి కూత మిగిలింది. ఇద్దర్ని ముట్టి తిరిగొస్తే గెలుపు. దుప్పి పిల్లను కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది.

కొండముచ్చు కూత అందుకుని గీత దాటింది. ఇటు ఊగి అటు మళ్ళి తోడేలు వీపును తాకింది. వెనక్కి తిరుగుతూనే నక్క చెవిని తాకింది. ఇద్దరు! పడమటివాళ్ళు నాలుగు వైపులనుంచీ మూసుకొచ్చేసరికి, అది వాళ్ళ తలల మీంచి ఒక్క గెంతు గెంతింది. ఎంత ఎత్తు!

ఉడుము మాత్రం దాని మీదికి ఎగబడలేదు. కూత మొదలైనప్పటి నుంచీ గీత దగ్గరే ఇసుకలో బోర్లా పడుకుని ఉంది. గాల్లోకి ఎగిరినవాడు ఎప్పుడో ఒకప్పుడు నేల మీదికి రాక తప్పదు. కొండముచ్చు గీత చేరకుండా మూరెడు దూరంలో దిగింది. ఉడుము దాని మడమ పట్టుకుంది.

కొండముచ్చు లాగింది, గింజుకుంది, చెయ్యి గీతవైపు చాచింది. వేళ్ళకూ గీతకూ మధ్య బెత్తెడు మిగిలింది. కూత సన్నబడింది. సన్నబడి ఆగిపోయింది. ముట్టిన ఇద్దరూ లెక్కలోకి రాకుండా పోయారు, పైగా ఒక పాయింటు అటు చేరింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, ఉడుమే కావాలని!" అంది కాకి, అందరికంటే ముందు. "నా మాట ఎవరు విన్నారు గనక! అసలు కొండముచ్చు పేరెత్తింది ఈ దుప్పి కాదూ? బండ దగ్గర అరిచింది ఎవరు?"

దుప్పి తల దించుకుని పిల్లను దగ్గరికి తీసుకుంది. ఎలుగు వచ్చి కాకిని ఒక్క చూపు చూసి, "నోరు ముయ్యి. పువ్వు పెట్టింది నా చెయ్యి," అంది.

మర్నాడు తెల్లవారగానే తూర్పు గట్టు రేచుకొండ దారి పట్టింది. ఎలుగు ముందు నడిచింది. దుప్పి పిల్ల మడుగు వాసనకు మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంటే, తల్లి ముట్టెతో దాన్ని ముందుకు తోస్తోంది. మడుగు ఒడ్డున నక్క నీళ్ళు తాగుతోంది.

దుప్పి ఆగింది. "వాణ్ణి ఇసుక మీద దూకించడం, పన్నెండుసార్లు దూకడం... అంతా అబద్ధమేగా?"

"అబద్ధమే," అంది నక్క మూతి నాకుకుంటూ. "మావాళ్ళెవరూ కొండముచ్చును కలలో కూడా అడగలేదు."

"నమ్మి నా బిడ్డను నేనే ఈ దారి పట్టించాను."

"నేను చెప్పింది రెండు ముక్కలు, అక్కా. మిగతాదంతా నీకు నీ భయమే చెప్పుకుంది," అని నక్క మళ్ళీ నీళ్ళలో మూతి పెట్టింది.

దుప్పి పిల్లను తన పక్కకు లాక్కుని, ఎండ ముదరకముందే కొండ ఎక్కడానికి అడుగు వేసింది.

నీతి: ఎదుటివాడికి ఏది దక్కకూడదా అని చూసేవాడు, తనకు ఏది కావాలో దాన్ని తన చేత్తోనే ఎదుటివాడికి ఇచ్చేస్తాడు.