నీళ్ళవ్వ పేరేంది?

మీకు రోజూ నీళ్ళు ఇచ్చే మనిషి పేరేమిటి? చెప్పండి. నోరు పెగలనివాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరగండి, ఈ కథ మీదే.

ఇప్పుడు ఇసుక దిబ్బలు తప్ప ఏమీ లేనిచోట, వెనకటికీ వెనకటి కాలంలో ఒక గని ఊరుండేది. తవ్వితే అద్దంలా మెరుస్తూ పొరలు పొరలుగా కాకిబంగారం వచ్చేది. అక్కడ మద్దిలేటి అని ఒక తవ్వకందారు. దాహమైతే "అవ్వా!" అనేవాడు. అందరూ అంతే. నెత్తిన కుండ, చేతిలో రాగి చెంబు, నీళ్ళవ్వ వచ్చేది.

గని లోపల అరుపు అన్నివైపులా మోగుతుంది. "అన్నా" అంటే అన్నలందరూ కదులుతారు, చీకట్లో గుంతల్లో పడతారు. అందుకే అవ్వ ఒక కట్టుబాటు నేర్పింది.

"పేరు పెట్టి పిలిస్తేనే పలకండి నాయనా. పేరు వినపడేదాకా ఉన్నచోటే ఉండండి."

పొద్దుగూకితే గని నోటికాడ నిలబడి ఒక్కొక్కరినే పిలిచేది.

"మద్దిలేటీ, వచ్చినావా?"

"వచ్చినా అవ్వా! నా పెండ్లాం కూడా ఇంత ముద్దుగా పిలవదు."

"ఇంటికాడ నువ్వు పలికితే కదరా, పిలిచేది!"

ఒకనాడు ఇసుకగాలి లేచింది. గని నోట్లోకి ఇసుక కాలువలా జారింది. ఒక్కడు తప్ప అందరూ పైకి ఎక్కారు.

"మద్దిలేటీ, వచ్చినావా?" పలుకు లేదు. మళ్ళీ పిలిచింది. పలుకు లేదు. అవ్వ ఒకచేత దీపం, ఒకచేత చెంబు పట్టుకుని దిగింది. మూడో పిలుపుకి మద్దిలేటి పలికాడు. "నడువు నాయనా, నీ వెనకే వస్తా" అంది.

మద్దిలేటి పైకొచ్చాడు. వెనక అవ్వ లేదు. దీపమూ లేదు.

"అవ్వా!" అని అరిచాడు. లోపల చెంబు రాతికి తగిలి టంగుమంది. బతికే ఉంది!

"అవ్వా!" టంగ్.

"నీళ్ళవ్వా!" టంగ్.

చెంబు మోగుతోంది గానీ, మనిషి కదలడం లేదు. దిగి వెతుకుదామంటే ఆ మోత చీకట్లో అన్నివైపులా ఉంది, ఇసుక జారుతూనే ఉంది.

"పేరు పెట్టి పిలువురా, అట్లయితేనే వస్తాది!" అన్నారు గుంపులోంచి ఎవరో.

మద్దిలేటి నోరు తెరిచాడు. నోట్లో పేరు లేదు.

"పేరేంది?"

"నన్నడుగుతావేంది? నీ పక్క గుడిసెనే కదప్పా!"

"నీకు మాత్రం నీళ్ళు పోయలేదా?"

ఎవరికీ తెలియదు. ఏదో ఒకటి తగలకపోతుందా అని నోటికొచ్చిన పేర్లన్నీ అరిచారు. ఇసుక గని నోరు మూసేదాకా అరిచారు. చెంబు చప్పుడు ఆగిపోయింది.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూడలేకపోయారు. కాకిబంగారంలో తమ మొహం కనబడుతుందని పలుగు ముట్టలేదు. ఒక్కొక్కరే మూట కట్టారు. అందరికన్నా చివర మద్దిలేటి పోయాడు. బతికినన్నాళ్ళూ, ఎవరు నీళ్ళిచ్చినా "నీ పేరేందమ్మా?" అని అడిగిగానీ గుక్క మింగలేదు.

ఇప్పటికీ ఆ దారిన పోయే గొర్రెల కాపరులు ఇసుకలో చెంబెడు నీళ్ళు పోస్తారు. తమకు తెలిసిన ఒక ఆడమనిషి పేరు పిలిచి "వచ్చినావా?" అంటారు. కాసేపు చెవొగ్గి వింటారు. తల వంచుకుని పోతారు.

మీరూ వంచుకున్నారుగా? ఎత్తండి. లేచి ఇంటికి పోండి. మీకు నీళ్ళిచ్చే మనిషిని, మీ వాకిలి ఊడ్చే మనిషిని పేరడగండి. అడిగి ఊరుకోకండి, పేరు పెట్టి పిలవండి. ఆ చెంబు ఇంకా మోగుతున్నప్పుడే.