పట్టపుటేనుగు గుడ్డు

అనగా అనగా, రోకళ్ళు పాడే కాలంలో, ఏటి ఒడ్డున కుండలపాలెం అనే ఊరుండేది. తెల్లవారితే చాలు, వాకిట వాకిటా వడ్లు దంచే చప్పుడే. చేతికి అలుపు తెలియకుండా నోటికో పాట. ఆ రోజుల్లో పాటకు కాళ్ళుండేవి పిల్లలూ! ఈ వాకిట్లో పుట్టి, పక్క వాకిట్లో కొత్త మాట చేర్చుకుని, వియ్యాలవారి ఊరు చేరి, ఏరు దాటి వెళ్ళిపోయేది. ఎంత తీయని కాలమది!

ఆ రాజ్యంలో ఒక నమ్మకం ఉండేది. రోకలి పట్టినవారి నోట అబద్ధం వస్తే బియ్యమంతా నూకైపోతుందని. అందుకే రోకటి పాటంటే జనానికి సత్యప్రమాణమే. ఎవరూ మారు ప్రశ్న వేసేవారు కాదు.

కుమ్మరి కోడలు పైడమ్మ కూడా అలాగే నమ్మింది, ఒక వేసవి ఉదయం ఈ పాట చెవిన పడేదాకా.

"నల్లకుండ నీళ్ళు తాగితే నాలుక మొద్దు
ఇత్తడి బిందె తెచ్చుకుంటే ఇంటికి ముద్దు!"

పాట బాగుంది. లయ బాగుంది. పైడమ్మ చేతిలోని రోకలి కూడా ఆ లయకు రెండుసార్లు ఆడింది. మూడోసారికి గాలిలోనే ఆగిపోయింది. నల్లకుండలు చేసేది తామే కదా!

నెల తిరిగేసరికి కుండ కొనేవాళ్ళు లేరు. కుండలు కాల్చే ఆవం చల్లబడింది. కుమ్మరులు వెళ్ళి రాజుగారి కాళ్ళమీద పడ్డారు.

రాజు మంచివాడే. ఊరూరా దండోరా వేయించాడు. "నల్లకుండ నీళ్ళు తాగితే నాలుక మొద్దు అన్న పాట వట్టి అబద్ధమహో!" ఏమైంది? ఆ పాట ఎరుగని ఊళ్ళు కూడా నేర్చుకున్నాయి. "వట్టి అబద్ధం" అన్న ముక్కకు లయ లేదు, దాన్ని ఎవరూ మోయలేదు.

తరువాత ఆస్థాన పండితుడు మట్టి మహిమ మీద నూరు పద్యాలు చెప్పాడు. పదో పద్యానికి సభంతా కునుకు తీసింది.

రాజు విసిగిపోయాడు. "పండుగనాటికి కుండలు అమ్ముడుపోకపోతే ఆ ఆవం నేల ఇత్తడి వర్తకుడు గవరయ్యకు ఇచ్చేస్తాను. కొలిమి పెట్టుకుంటాడట" అన్నాడు.

ఇంట్లో అత్త గొంతు తగ్గించి అంది: "ఏమే పైడీ, ఆ పాట గవరయ్య పనే అయ్యుంటుంది. మన నోట్లోనూ నాలుకుంది కదా! ఇత్తడి నీళ్ళకు జుట్టు రాలుతుందని పాడు. గవరయ్య బట్టతల చూపిస్తే ఇట్టే నమ్ముతారు."

"అప్పుడు గవరయ్యకూ మనకూ తేడా ఏముంది అత్తా? ఇవాళ వాడి కడుపు కొడతాం, రేపు మనల్ని ఇంకోడు కొడతాడు. మార్చాల్సింది పాటను కాదు, గుడ్డిగా పాడటాన్ని."

"అబ్బో, పెద్ద కబుర్లు! ఆవం పోయాక ఈ కబుర్లే కాల్చుకు తిందాం" అని అత్త మూతి తిప్పింది.

పండుగ వచ్చింది. ఆనవాయితీ ప్రకారం కోట వాకిట్లో వడ్లు దంచడానికి అన్ని వృత్తుల ఆడవాళ్ళూ చేరారు. పైడమ్మ రోకలి ఎత్తి గొంతు విప్పింది.

"పట్టపుటేనుగు పెట్టింది పచ్చని గుడ్డు
కళ్ళారా చూసొచ్చినోళ్ళ కష్టాలకు అడ్డు!"

పొద్దు నడినెత్తికి రాలేదు, ఏనుగుల సాల ముందు ఊరంతా ఉంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు!

"ఇది మగ ఏనుగురా నాయనా!" అని మావటి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు.

"నోర్ముయ్యవయ్యా! నేను చూశాను, ఇంత ఉంది గుడ్డు" అని ఓ ముసలమ్మ చేతులు చాచి చూపించింది. అందరికంటే ముందు, ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడ్డది ఎవరు? గవరయ్యే!

గోల విని రాజు వచ్చాడు. పైడమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. "ప్రభూ, గుడ్డూ లేదు, గాడిదా లేదు. ఆ పాట నేనే కట్టాను."

"రోకటి మీద అబద్ధమా! బియ్యం నూకైపోదూ?" అని జనం మండిపడ్డారు.

పైడమ్మ తాను దంచిన బియ్యం చేటలో చూపించింది. గింజలన్నీ మల్లెమొగ్గల్లా నిండుగా ఉన్నాయి.

"చూడండమ్మా! నిజమేదో అబద్ధమేదో రోకలికి తెలియదు. తెలుసుకోవలసింది మనం. నా పాట నమ్మినట్టే కదా, నల్లకుండ పాటనూ నమ్మారు? మీలో ఆ కుండ నీళ్ళు తాగి నాలుక మొద్దుబారినవాళ్ళు ఒక్కరుంటే ముందుకు రండి!"

ఎవరూ కదలలేదు. ఒక మూలనుంచి చాకలి సూరమ్మ తలవంచుకుని అంది: "తప్పయిపోయింది తల్లీ. గవరయ్యగారు బిందె ఇచ్చి పాడమన్నారు. పాట బాగుంది కదాని పాడాను."

రాజు నల్లకుండ తెప్పించి, గవరయ్య చేత ముంతెడు నీళ్ళు తాగించాడు. "ఇప్పుడు పాడవయ్యా, నాలుక మొద్దుబారిందేమో అందరం విందాం."

గవరయ్య నాలుక చక్కగానే ఆడింది. జనం విరగబడి నవ్వారు. ఒకళ్ళ తరువాత ఒకళ్ళు దోసిలి పట్టి ఆ నీళ్ళు తాగారు. వెళ్తూ వెళ్తూ తలో కుండా కొనుక్కుపోయారు. కుమ్మరుల నేల కుమ్మరులకే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఆవం మళ్ళీ రాజుకుంది. అత్త కోడలి పక్కన కూర్చుని చితుకులు అందించింది.

ఆ రోకళ్ళు ఇప్పుడు లేవు. మాటలకు మాత్రం కాళ్ళు అలాగే ఉన్నాయి. కాబట్టి పిల్లలూ, నోటికి ఇంపుగా ఉందని ఏ మాటనూ మోయకండి. నిజమో కాదో మీరే రుచి చూసి, ఆ తరువాతే పక్కవారికి అందించండి.